అంతర్జాల యంత్రములకు నిలువ విద్యుత్తు

2020వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ, సోమవారము. ఉదయము పది గంటల వేళ ముంబై మహానగరమునకు విద్యుత్తు ఒక్కసారిగా నిలిచిపోయెను. లోకల్ రైళ్ళు పట్టాలపై ఎక్కడి వక్కడ ఆగినవి. కరోనా కారణమున పాఠశాలలు మూతపడి, చదువంతయు తెర ముందే సాగుచున్న దినములవి. గ్రాంట్ రోడ్ తెలుగు చాళ్లలోని ఖోలీలలో పాఠము వినుచున్న పిల్లల యెదుట గురువుల ముఖములు ఒక్కుమ్మడి మాయమైనవి. ముంబై విశ్వవిద్యాలయమువారు ఆనాటి ఆన్‌లైన్ పరీక్షలను వాయిదా వేయవలసివచ్చెను. కొన్ని పేటలకు రెండు మూడు గంటలలో కరెంటు తిరిగి వచ్చినది. కొన్నిటికి రాత్రి వరకును రాలేదు.

ఇంతటి నగరమున కిట్టి చిక్కు ఎట్లు కలిగినది? ముంబైకి కావలసిన విద్యుత్తంతయు ముంబైలోనే పుట్టదు. చాలభాగము ఠాణా ప్రక్కనున్న పడఘా, కళవా కేంద్రముల మీదుగా 400 కిలోవోల్టుల మార్గములలో వచ్చును. ఆ దినమున ఆ మార్గములందే లోపము కలిగెను. రాష్ట్రపు విద్యుజ్జాలము చెడినప్పుడు ముంబై దానినుండి విడివడి, తన సొంత ఉత్పత్తితో తాను వెలుగుచుండునట్లు 1981లోనే ఒక ఏర్పాటు చేయబడినది. దీవివలె వేరుపడుట గనుక దానికి ‘ఐలాండింగ్’ అని పేరు. అనేక పర్యాయములు నగరమును కాపాడిన ఆ ఏర్పాటు ఆనాడు కాపాడలేకపోయెను. తిరిగి 2022వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీ ఆదివారమునాడు దక్షిణ ముంబైకి కొంతసేపు విద్యుత్తు పోయినది. సెలవుదినమగుటచే ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది వరంగల్లులో. ఆ దినములలో అక్కడ కరెంటు కోత నిత్యకృత్యము. ఏ వేళ పోవునో, ఏ వేళ వచ్చునో పత్రికలో ముందుగానే అచ్చువేసెడివారు. వసతిగృహములో ప్రతి గదియందును కిరోసిను దీపమో, కొవ్వొత్తియో సిద్ధముగా నుండెడిది. ముంబైకి వచ్చినపిదప ఆ అలవాటు మరచిపోతిని. కొలాబానుండి మాహిం, సయనుల వరకు గల దీవి నగరమునకు విద్యుత్తు పంచునది ‘బెస్ట్’ సంస్థ. 1905లో కంపెనీగా పుట్టి, 1947లో నగరపాలక సంస్థ చేతికి వచ్చిన ఈ సంస్థ పరిధిలో కరెంటు పోవుట అరుదు. అరుదైన కష్టమునకు ఎవరును సిద్ధపడరు. వరంగల్లులో నిత్యము పోవు కరెంటుకు ఎట్టి బ్యాటరీ కావలెనో, గ్రాంట్ రోడ్‌లో ఏడాదికి ఏ నాలుగైదు మార్లో పోవు కరెంటుకు అట్టి బ్యాటరీయే కావలెనా? కాదు. ఈ భేదమును గ్రహింపక నేను డబ్బు పోగొట్టుకొంటిని. ఆ కథ ముందు చెప్పెదను.

అంతకుమున్ను ఒక విద్యార్థిని సంగతి. పదవ తరగతి ముగించిన పిల్లలకు పదునొకండవ తరగతి ప్రవేశము ముంబైలో 2009 నుండి ఆన్‌లైన్‌లోనే జరుగుచున్నది. కోరుకొను కళాశాలల వరుసను గడువులోపల నింపి పంపవలెను. గడువు దాటెనా, ఆ విడతలో అవకాశము పోయినట్లే. కొన్ని యేండ్ల క్రిందట, వానకాలమున, గడువు ముగియు సాయంకాలముననే కామాటిపురలోని ఒక చాళ్‌లో మీటర్ల పెట్టెలో నీరు చేరి కరెంటు పోయినది. ఆ బాలిక యింట కంప్యూటరు లేదు. తల్లి సెల్ ఫోను, అన్న కొనిన రౌటరు మాత్రమే కలవు. ఫోనులో ఛార్జి యున్నది గాని డేటా లేదు. రౌటరుకు ప్రాణము లేదు. ఆ పిల్ల వానలో మూడు గల్లీలు దాటి నా యింటికి వచ్చినది. అప్పటికి మిగిలియున్న గడువు నలుబది నిమిషములు. మా గల్లీలో కరెంటు ఉండుటచే పని జరిగినది. ఉండనిచో ఏమగునో నేను చెప్పనక్కరలేదు. ఆ రాత్రియే నేను ఈ విషయమును గూర్చి విచారింప మొదలిడితిని.

మొదట మీరొక ప్రశ్న వేయవచ్చును: “మా తాతగారి యింట నల్లని టెలిఫోను ఉండెడిది, కరెంటు పోయినను అది మ్రోగెడిది గదా! ఇప్పటి తీగకు ఏమైనది?” మంచి ప్రశ్న. బొంబాయిలో టెలిఫోను కేంద్రము 1882లోనే వెలసినది. ఆధునిక టెలిఫోను కేంద్రములందు 48 వోల్టుల బ్యాటరీల వరుస యుండును. ఆ విద్యుత్తే రాగి తీగవెంట మన యింటి ఫోను వరకు వచ్చి దానిని పనిచేయించును. అనగా మన ఫోనునకు నిలువ విద్యుత్తును టెలిఫోనువారే భరించుచుండిరి. నేడు మన యిండ్లకు వచ్చుచున్నది రాగి తీగ కాదు, వెండ్రుకవంటి గాజు తీగ. దీనినే ఫైబరు అందురు. గాజులో కాంతి ప్రయాణించును గాని విద్యుత్తు ప్రవహింపదు. కావున కాంతిని విద్యుత్సంకేతముగా మార్చు ఓ.ఎన్.టి. అను చిన్న డబ్బాకును, దానిని ఇల్లంతయు వైఫైగా పంచు రౌటరునకును విద్యుత్తు మనమే ఇచ్చుకొనవలెను. తీగ మారినది, దానితోపాటు బాధ్యతయు చేతులు మారినది. ఈ సంగతి తీగ వేయుటకు వచ్చినవారు చెప్పరు.

ఇక లెక్క. మీ రౌటరు గోడకు తగిలించు అడాప్టరును చేతిలోనికి తీసికొని, దానిపై గల సన్నని అక్షరములను చదువుడు. ‘అవుట్‌పుట్ 12 వోల్టులు, 1 ఆంపియర్’ అని యుండును. కొన్నిటిపై 9 వోల్టులనియు, కొన్నిటిపై 1.5 లేక 2 ఆంపియర్లనియు ఉండవచ్చును. వోల్టులను ఆంపియర్లతో హెచ్చింపగా వాట్లు వచ్చునని మీరు భౌతికశాస్త్రములో చదివియే యున్నారు. 12 వోల్టులు, 1 ఆంపియర్ అనిన 12 వాట్లు. అయితే ఇది అడాప్టరు ఇయ్యగల గరిష్ఠశక్తి. రౌటరు నిజముగా వాడుకొనునది సాధారణముగా అందులో సగమునకు కొంచెము అటునిటుగా నుండును. ఓ.ఎన్.టి.కి 5 వాట్లు, రౌటరునకు 7 వాట్లు, మొత్తము 12 వాట్లు అనుకొందము. మూడు గంటలు నడువవలెననిన 12ను 3తో హెచ్చింపగా 36 వాట్-గంటలు. బ్యాటరీనుండి యంత్రమునకు చేరులోపల కొంత నష్టము తప్పదు. నూటికి ఎనుబది వంతులు చేరుననుకొనిన 45 వాట్-గంటలు కావలెను. బ్యాటరీ పాతబడినకొలది దాని శక్తి తగ్గును గనుక మరికొంత చేర్చి 60 వాట్-గంటలని నిర్ణయింపవచ్చును. ఒక చిన్న బల్బుపాటి భారమునకు ఇంతే చాలును. ఇంటి ఫ్యాను, టీ.వీ., ఫ్రిజ్‌లను కూడ నడుపవలెనను ఆశ కలిగిననే పెద్ద ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీ, దానికై చోటు కావలసివచ్చును. పది అడుగుల ఖోలీలో ఆరుగురు పండుకొను చోట ట్యూబ్యులర్ బ్యాటరీకి చోటెక్కడ?

నేను చేసిన తప్పు ఇప్పుడు చెప్పెదను. లెక్క వేయకుండనే లామింగ్టన్ రోడ్‌కు పోతిని. గ్రాంట్ రోడ్ స్టేషనుకు కూతవేటు దూరమున నున్న ఆ వీధి ఎలక్ట్రానిక్ సామగ్రికి దేశమంతట పేరుపడినది. 1903 నుండి 1907 వరకు బొంబాయి గవర్నరుగా నున్న లామింగ్టన్ ప్రభువు పేర వెలసిన వీధి అది. 1940లో లండనులో ఉద్ధాంసింగు కాల్పులు జరిపినప్పుడు గాయపడినవారిలో ఈయనయు ఒకడు. దానికి ఇప్పుడు డాక్టర్ భడ్కంకర్ మార్గమని పేరు మార్చినను పాత పేరే జనుల నోట నిలిచినది. అక్కడ ఒక అంగడిలో కంప్యూటర్లకు వాడు 600 వి.ఏ. యు.పి.ఎస్. కొంటిని. “మాస్టారూ, కంప్యూటరునే పదిహేను నిమిషములు నడుపును, మీ రౌటరును రోజంతయు నడుపును” అని అంగడివాడు చెప్పగా నమ్మితిని. మొదటి మారు కరెంటు పోయినప్పుడు గంటన్నర నడచినది. రెండేండ్ల పిదప మరల కరెంటు పోయినప్పుడు మూడు నిమిషములు కూయుచుండి ఆరిపోయినది.

ఎందులకిట్లు జరిగినది? ఇందులో మూడు కారణములు కలవు. మూడును తెలిసికొనదగినవే.

మొదటిది, వి.ఏ.యును వాటును ఒకటి కావు. 600 వి.ఏ. అని పెద్ద అక్షరములతో వ్రాసిన పెట్టెపైననే 360 వాట్లు అని చిన్న అక్షరములతో ఉండును. అంతకన్న ముఖ్యమేమనగా, ఈ రెండును అది ఎంత బరువు మోయగలదో చెప్పును గాని ఎంతసేపు మోయగలదో చెప్పవు. కూలివాడు యాభై కిలోల మూట ఎత్తగలడనిన, దానితో బోరీబందరు వరకు నడువగలడని అర్థము కాదు. ఎంతసేపు అను ప్రశ్నకు జవాబు బ్యాటరీలో నున్నది. ఆ యు.పి.ఎస్. లోపల నున్నది 12 వోల్టులు, 7 ఆంపియర్-గంటల చిన్న సీసపు బ్యాటరీ. అనగా కాగితముపై 84 వాట్-గంటలు.

రెండవది, మార్పిడి నష్టము. ఇది భాషోపాధ్యాయునకు సులభముగా బోధపడు విషయము. తెలుగువాడొకడు మరియొక తెలుగువానితో మాటాడవలసి, తన మాటను మరాఠీలోనికి మార్పించి, దానిని మరల తెలుగులోనికి మార్పించి వినిపించినచో ఎట్లుండును? అర్థమందు కొంత జారిపోవును, కాలము వ్యర్థమగును. బ్యాటరీలోనున్నది ఏకముఖ ప్రవాహము. రౌటరునకు కావలసినదియు 12 వోల్టుల ఏకముఖ ప్రవాహమే. కాని యు.పి.ఎస్. దానిని 230 వోల్టుల ఏకాంతర ప్రవాహముగా మార్చును. అడాప్టరు దానిని మరల 12 వోల్టుల ఏకముఖ ప్రవాహముగా మార్చును. ఈ మార్పిడియందు యు.పి.ఎస్. తన సొంత పోషణకే పది పదునైదు వాట్లు తినును. వందల వాట్ల భారమున్నప్పుడు ఇది లెక్కకు రాదు. పండ్రెండు వాట్ల రౌటరునకు పండ్రెండు వాట్ల దళారి యనిన సగము సొమ్ము దళారికే! మరియొక చిక్కు కూడ కలదు. కొన్ని యంత్రములు అంత చిన్న భారమును గుర్తింపలేక, ఏమియు తగిలింపలేదని యెంచి, బ్యాటరీని కాపాడు నెపమున తామే ఆగిపోవును.

మూడవది, అన్నిటికన్న లోతైనది, బ్యాటరీ జాతి. సీసపు బ్యాటరీని ఫ్రాన్సు దేశస్థుడైన గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టెను. సీసపు పలకలు, గంధకామ్లము దాని మూలపదార్థములు. నూటయరువది యేండ్లు దాటినను అది నిలిచియున్నదనిన దాని గుణమే కారణము: చవుక, గట్టిది, నడుపుట సులభము. దాని శత్రువు వేడి. ఇరువదియైదు డిగ్రీల సెల్సియస్ పైన ప్రతి పది డిగ్రీల వేడికి దాని ఆయువు సుమారు సగము తగ్గును. నేను ఆ యు.పి.ఎస్.ను ఎక్కడ ఉంచితిననుకొన్నారు? రేకుల కప్పు క్రిందనున్న అటకమీద! పైగా ఏడాదికి నాలుగు మార్లు మాత్రమే వాడుకలోనికి వచ్చు బ్యాటరీ లోలోపల క్షీణించుచున్నను ఎవరికిని తెలియదు. పచ్చ దీపము వెలుగుచునే యుండును. వరంగల్లులో దినదినము కరెంటు పోవుటచే బ్యాటరీ నీరసించుట వారము లోపలనే బయటపడెడిది. ముంబైలో అది అవసరపు గడియలోనే బయటపడును.

అందుచేత ఇంటి రౌటరునకు నేడు నేను మేలని చెప్పునది ‘మినీ డీసీ యు.పి.ఎస్.’ అను చిన్న పెట్టె. అరచేతికన్న కొంచెము పెద్దదిగా నుండును. గోడనుండి వచ్చు అడాప్టరును దీనికి తగిలించి, దీనినుండి రౌటరునకు తీగ వేయవలెను. ఏకముఖ ప్రవాహము ఏకముఖముగానే పోవును. నడుమ దుబాసీ లేడు. లోపల లిథియం ఘటములుండును. ఈ జాతి బ్యాటరీలు 1991లో విపణిలోనికి వచ్చినవి. వీనిని సాధించినందులకు గుడినఫ్, విటింగ్‌హాం, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి గుడినఫ్ వయస్సు తొంబదియేడు. నోబెల్ పొందినవారిలో ఆయనయే అత్యంత వృద్ధుడు. లిథియం జాతిలోనే ఇనుము, ఫాస్ఫేటు చేరిన శాఖ ఒకటి కలదు. దానికి మూలమైన పరిశోధనయు 1990 దశకమున గుడినఫ్ బృందమే చేసినది. అది వేడికి ఎక్కువ ఓర్చును, నిప్పంటుకొను భయము తక్కువ, ఆయువెక్కువ. కాని అదే శక్తికి కొంచెము బరువు. పరుపులు, బట్టలు, చెక్క అటకలు క్రిక్కిరిసిన మన గదులకు, దొరికినచో, ఆ శాఖయే తగినది.

ఈ చిన్న పెట్టెను కొనునప్పుడు మోసపోవు చోట్లు కలవు. పెట్టెపై ‘10,000 మిల్లీ ఆంపియర్-గంటలు’ అని వ్రాసియుండును. ఎన్ని వోల్టుల వద్ద? అది వ్రాయరు. లిథియం ఘటపు వోల్టేజి 3.7. కనుక 10 ఆంపియర్-గంటలను 3.7తో హెచ్చింపగా 37 వాట్-గంటలు మాత్రమే. 12 వోల్టుల లెక్కకు మార్చినచో మూడు ఆంపియర్-గంటలకు కొంచెము పైన. పదివేలను చూచి మురిసినవాడు మూడువేలు ఇంటికి తెచ్చుకొనును! కావున ‘వాట్-గంటలెన్ని?’ అనియే అడుగవలెను. అంగడివాడు చెప్పలేకపోయినచో మీరే హెచ్చవేత చేసికొనుడు. మన లెక్కలో వచ్చిన 60 వాట్-గంటలను ఈ 37తో పోల్చి చూచినచో అది మూడు గంటలు నడువదని, రెండు గంటల పైచిలుకు మాత్రమే నడుచునని తెలియును.

వోల్టులు సరిగా కలియవలెను. 9 వోల్టుల రౌటరునకు 12 వోల్టులు తగిలించినచో అది కాలిపోవచ్చును. 12 వోల్టులదానికి 9 ఇచ్చినచో మేల్కొనదు. ఆంపియర్ల సంగతి వేరు. అక్కడ యు.పి.ఎస్. ఇయ్యగలది యంత్రమడుగుదానికన్న ఎక్కువయున్నను దోషము లేదు, తక్కువ కారాదు. ఓ.ఎన్.టి., రౌటరు రెండింటిని తగిలించునప్పుడు రెండింటి ఆంపియర్లను కూడవలెను. పిన్ను కొలతయు చూడవలెను. లోపలి రంధ్రము 2.1 మిల్లీమీటర్లని, 2.5 మిల్లీమీటర్లని రెండు విధములుండును. దూరినట్లే దూరి వదులుగా ఊగుచుండును. మధ్యది ధనమా, ఋణమా అనునది అడాప్టరుపై చిన్న బొమ్మగా గీసియుండును. మధ్యది ధనమగుట సాధారణము గాని తప్పనిసరి కాదు. రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చూచినపిదపనే తగిలింపుడు.

భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు ఉన్నదా అనునది మరువరాదు. లిథియం ఘటములకు ఐ.ఎస్. 16046, యు.పి.ఎస్.లకు ఐ.ఎస్. 16242 అను ప్రమాణములు కలవు. గుర్తు ప్రక్క ఆర్ అను అక్షరముతో ఒక నమోదు సంఖ్య యుండును. ‘బి.ఐ.ఎస్. కేర్’ అను యాప్‌లో ఆ సంఖ్యను వ్రాసి అది నిజమో కాదో అంగడి ముందే నిలిచి చూచుకొనవచ్చును. అంగడివాడు చిరాకు పడినచో పడనిండు.

“పవర్ బ్యాంకు ఇంట నున్నది గదా, అదియే తగిలింపరాదా?” అని అడుగువారు కలరు. తగిలింపవచ్చును. 5 వోల్టులను 12 వోల్టులకు పెంచు తీగ దొరకును. కాని అనేక పవర్ బ్యాంకులు ఒకేమారు తాము ఛార్జి పొందుచు, ఇతరమునకు ఇచ్చుట చేయలేవు; చేసినను గోడ కరెంటు పోయిన క్షణమున ఒక్కసారి త్రుళ్ళిపడును. రౌటరునకు ఆ త్రుళ్ళు చాలును. ఇంటి విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేయును. ఒక ఆవృత్తికి పట్టుకాలము సెకనులో యాబదవ వంతు. మంచి యు.పి.ఎస్. అందులో సగముకాలములో బ్యాటరీకి మారును, రౌటరు గ్రహింపనే గ్రహింపదు. మార్పు ఆలస్యమై రౌటరు ఒక్కసారి ఆరినదా, తిరిగి మేల్కొని, తీగలోని కాంతిని గుర్తించి, సిద్ధమగుటకు రెండు మూడు నిమిషములు. కాలపరిమితి గల పరీక్షలో ఆ నిమిషములు ఎంతటివో మీకు తెలియును. చేతికర్రగా పవర్ బ్యాంకు పనికివచ్చును. కాని నమ్మి కూర్చుండరాదు.

ఇన్ని చేసినను ఒక గండము మిగిలియున్నది. మన గదిలో రౌటరు వెలుగుచున్నను, అవతలి కొన నిలిచియుండవలెను గదా! ఇది రెండు విధములుగా నుండును. పెద్ద కంపెనీలు ఇంటివరకు గాజు తీగనే వేసినచో, నడుమ ఆ తీగను శాఖలుగా చీల్చు పెట్టెకు విద్యుత్తుతో పని లేదు. అది కేవలము కాంతిని పంచు గాజు. అట్టిచోట మన గదికి బ్యాటరీ యున్న చాలును, కంపెనీ కేంద్రమున వారి బ్యాటరీలు వారికుండును. కాని మన గల్లీలలో చాలచోట్ల కేబులువాడు మేడమీదనో, మెట్ల మలుపులోనో ఒక స్విచ్చు పెట్టె పెట్టి, అక్కడినుండి రాగి తీగతో గదిగదికిని పంచును. ఆ పెట్టెకు కరెంటు చాళ్ మీటరునుండియే వచ్చును. చాళ్ మునిగినప్పుడు అదియు మునుగును. మన బ్యాటరీ ఎదురుచూచుచు ఖర్చగును. పరీక్షించు ఉపాయము సులభము. మీ గది మెయిన్ స్విచ్చి ఆపి చూచుట చాలదు. గల్లీ అంతటికిని కరెంటు పోయిన సమయమున రౌటరు దీపములను చూడుడు. ఓ.ఎన్.టి.పై ‘లాస్’ అని వ్రాసిన చోట ఎర్ర దీపము వెలిగినచో అవతలినుండి కాంతి రాలేదని అర్థము. కేబులువాని స్విచ్చియే అడ్డమైనచో దానికొక బ్యాటరీ పెట్టుమని అతనిని అడుగుట మేలు. ఒక్క గదివాడు అడిగినచో వినడు; అంతస్తువారందరు కలసి అడిగినచో వినును. మా అంతస్తులో పదునాలుగు గదులవారము కలసి అడిగితిమి, ఖర్చును పంచుకొంటిమి. గణపతి ఉత్సవమునకు చందా వేయగలవారము దీనికి వేయలేమా?

పాఠశాలలకు లెక్క వేరు. కంప్యూటరు గదిలోని యంత్రములన్నిటిని మూడు గంటలు నడుపవలెనని పెద్ద యంత్రము కొనువారు కలరు. దాని అవసరము తక్కువ. ల్యాప్‌టాపులకు తమ బ్యాటరీలు తమకు కలవు. నిలిచియుండవలసినవి స్విచ్చు, రౌటరు, ఓ.ఎన్.టి. ఈ మూడును. ఇవన్నియు కలిపినను ముప్పది నలుబది వాట్లకు మించవు. తీగ ద్వారమున విద్యుత్తు అందుకొను కెమెరాలున్నచో మాత్రము ఒక్కొక్క దానికి స్విచ్చు పదునైదు వాట్ల వరకు ఇయ్యవలసివచ్చును గనుక లెక్క పెరుగును. పాఠశాలకు ‘లైన్ ఇంటరాక్టివ్’ అను రకము చాలును. అది హెచ్చుతగ్గుల వోల్టేజిని సరిదిద్దును. ఎల్లవేళల మార్పిడి చేయుచుండు ‘ఆన్‌లైన్’ రకము ఆసుపత్రులకు, పెద్ద సర్వర్లకు తగును. మన స్థాయికి అది దుబారా, అది పుట్టించు వేడియు అధికము.

పాత చాళ్లలో మరియొక అపాయము. అనేక గదులలో నేటికిని రెండు రంధ్రముల సాకెట్లే కలవు, భూసంధానము లేదు. మూడు పిన్నుల ప్లగ్గులోని పెద్ద పిన్నును విరిచి దూర్చువారిని చూచితిని. అట్లు చేయకుడు. ఎర్తు వేయించుడు, కరెంటు తిరిగి వచ్చునప్పుడు వోల్టేజి ఎగసిపడుట యంత్రములను చంపుటకు ముఖ్యకారణము, మనుష్యులకును హాని. బ్యాటరీ పెట్టెను మోరీ ప్రక్కను, పొయ్యి ప్రక్కను, మూసిన బీరువాలోను, నా వలె అటకమీదను ఉంచకుడు. గాలి తగులు గోడ అరపై, చంటిపిల్లలకు అందని యెత్తున ఉంచుడు.

ఉబ్బిన, చచ్చిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వానిని తిరిగి సేకరించి శుద్ధి చేయించు బాధ్యత తయారీదారులది. కొత్తది కొనునప్పుడు పాతది అంగడివానికే ఇచ్చి ధరలో తగ్గించుమనుడు. భంగారువానికి ఇచ్చినచో అతడు గల్లీలోనే పగులగొట్టి సీసము తీసి, ఆమ్లమును కాలువలో పోయును. ఆ సీసపు ధూళి పసిపిల్లల మెదడునకు విషము.

నా యింట ఇప్పుడున్నది 60 వాట్-గంటల చిన్న పెట్టె. ప్రతి నెల మొదటి ఆదివారమున ఉదయము ఏడు గంటలకు గోడ స్విచ్చి ఆపి, రౌటరు ఆరిన వేళను ఒక నోటుపుస్తకములో వ్రాయుచున్నాను. కొన్ననాడు నాలుగు గంటల పది నిమిషములు నడచినది. గత నెల మూడు గంటల నలుబది నిమిషములు. రెండు గంటలకు దిగిననాడు మార్చెదను.